రియాక్ట్‌ఓఎస్

రియాక్ట్‌ఓఎస్ ఒక ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్. మైక్రోసాఫ్ట్ విండోస్ కొరకు తయారైన ప్రోగ్రాములను, పరికరాల డ్రైవర్లను ఏ మార్పూ లేకుండా యథాతథంగా నడిపించడం దీని లక్ష్యం. ఇది లినక్స్ మీద ఆధారపడినది కాదు. విండోస్ ఎన్‌టీ నిర్మాణాన్ని అనుసరించి మొదటినుండి విడిగా వ్రాయబడుతున్నది. ఎక్కువ భాగం సి భాషలో ఉన్నది. గ్నూ జనరల్ పబ్లిక్ లైసెన్సు క్రింద ఎవరైనా ఉచితంగా పొందవచ్చును, మార్చుకొనవచ్చును, పంచిపెట్టవచ్చును. 1996లో వేరొక పేరుతో మొదలైన ఈ ప్రయత్నం, 2025 మార్చి 21న విడుదలైన 0.4.15 కూర్పు నాటికి కూడ ఆల్ఫా దశలోనే, అనగా పరీక్షించి చూడడానికే తప్ప నిత్య వ్యవహారానికి సిద్ధం కాని దశలోనే ఉన్నది. ఇంత ఆలస్యానికి కారణమేమిటో తెలుసుకుంటే ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏమిటో కూడ చాలవరకు తెలుస్తుంది.

అనుకూలత అంటే ఏమిటి

ఏ ప్రోగ్రామైనా కంప్యూటరుతో నేరుగా మాట్లాడదు. ఒక ఫైలు తెరవాలన్నా, తెరమీద ఒక అక్షరం గీయాలన్నా, ప్రింటరుకు ఒక పేజీ పంపాలన్నా ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడగాలి. ఈ అడిగే పద్ధతి బ్యాంకులో ఖాతాదారు చీటీ నింపి కౌంటరులో ఇవ్వడం వంటిది. ఏ పనికి ఏ చీటీ, అందులో ఏ గడిలో ఏమి వ్రాయాలి, బదులుగా ఏ రసీదు వస్తుంది అనేవి ముందే నిర్ణయమై ఉంటాయి. విండోస్‌లో ఇటువంటి చీటీలు వేల సంఖ్యలో ఉన్నాయి. వీటినన్నిటినీ కలిపి విన్32 ఏపీఐ అంటారు. అదే చీటీలను తీసుకొని అవే రసీదులు ఇచ్చే మరొక బ్యాంకును ప్రక్క వీధిలో తెరిస్తే, ఖాతాదారుకు తేడా తెలియనవసరం లేదు. రియాక్ట్‌ఓఎస్ కట్టదలచినది ఆ రెండవ బ్యాంకును.

చిక్కు ఎక్కడ వచ్చినదంటే, చీటీల మీద అచ్చు వేసిన నియమాలు కొన్నే. కౌంటరులోని ఉద్యోగికి అలవాటైన పద్ధతులు అనేకం. ఒక గడి ఖాళీగా వదిలితే ఉద్యోగి కోప్పడతాడా, తానే నింపుకుంటాడా అనేది ఏ పుస్తకంలోనూ వ్రాసి ఉండదు. ప్రోగ్రాములు వ్రాసినవారు తెలిసో తెలియకో ఆ అలవాట్ల మీద కూడ ఆధారపడతారు. దీనికి సిమ్‌సిటీ అనే ఆట ప్రసిద్ధమైన ఉదాహరణ. తిరిగి ఇచ్చివేసిన మెమరీని అది మరల చదివేది. అది ఆటలోని తప్పే. పాత విండోస్‌లో ఆ తప్పు వలన ఏమీ కాలేదు గాని, విండోస్ 95లో ఆట ఆగిపోయింది. అప్పుడు మైక్రోసాఫ్ట్ ఇంజనీర్లు ఆట నడుస్తున్నదేమో కనిపెట్టి, నడుస్తుంటే మెమరీని వెంటనే విడుదల చేయకుండా ఉండే ఏర్పాటును విండోస్‌లోనే చేశారు. కనుక విండోస్‌ను అనుకరించదలచినవారు దాని గుణాలతోపాటు దోషాలను, మొహమాటాలను కూడ అనుకరించక తప్పదు.

చరిత్ర

1996లో కొందరు ప్రోగ్రామర్లు విండోస్ 95ను పోలిన స్వేచ్ఛా వ్యవస్థను నిర్మించాలని ఫ్రీవిన్95 అనే ప్రాజెక్టు ఆరంభించారు. 1997 చివరికి ఎట్లా కట్టాలన్న చర్చలు తప్ప కట్టడం లేక అది మూలబడింది. జేసన్ ఫిల్బీ పూనికతో 1998 ప్రాంతంలో అది పునరుద్ధరించబడి, లక్ష్యం విండోస్ 95 నుండి విండోస్ ఎన్‌టీకి మారినది. ఈ నిర్ణయం దూరదృష్టి కలది. విండోస్ 95 వంశం విండోస్ ఎంఈతో అంతరించింది. నేటి విండోస్ అంతా ఎన్‌టీ వంశానిదే. అప్పుడే రియాక్ట్‌ఓఎస్ అనే పేరు కూడ పెట్టారు. మైక్రోసాఫ్ట్ గుత్తాధిపత్యానికి ప్రతిక్రియ అనే భావం అందులో ఉన్నది.

తొలి ఏళ్ళు కెర్నెల్, అనగా వ్యవస్థ మూలభాగం వ్రాయడానికే సరిపోయాయి. 2003 ఫిబ్రవరి 1న వచ్చిన 0.1.0 కూర్పు సీడీ నుండి మొదలు కాగలిగింది. 0.2 కూర్పులు 2004లోను, 0.3.0 కూర్పు 2006 ఆగస్టులోను వచ్చాయి. ఆ తరువాత 0.4.0 రావడానికి దాదాపు పదేళ్ళు, అనగా 2016 ఫిబ్రవరి వరకు పట్టినది. 0.4.14 కూర్పు 2021 డిసెంబరులో విడుదలైనది. జేసన్ ఫిల్బీ తరువాత స్టీవెన్ ఎడ్వర్డ్స్, ఆయన తరువాత రష్యాకు చెందిన అలెక్సీ బ్రాగిన్ సమన్వయకర్తలుగా వ్యవహరించారు. కెర్నెల్ రచనలో అలెక్స్ ఇయోనెస్కూ కృషి విశేషమైనది.

రష్యాలో ఈ ప్రాజెక్టుకు కొంత ఆదరణ లభించింది. 2011లో నాటి అధ్యక్షుడు మెద్వెదేవ్ ఒక పాఠశాలను సందర్శించినప్పుడు ఒక విద్యార్థి రియాక్ట్‌ఓఎస్‌ను ప్రదర్శించి సహాయం కోరాడు. చెప్పుకోదగ్గ ధనసహాయమేదీ ఆ తరువాత కానరాదు. 2014లో ప్రజలనుండి చందాలు సేకరించే రెండు ప్రయత్నాలు జరిగాయి. లక్షా ఇరవై వేల డాలర్లు కోరిన మొదటిది విఫలమైనది. యాభై వేలు కోరిన రెండవదానికి సుమారు 25 వేల డాలర్లు వచ్చాయి. ఒక పెద్ద కంపెనీ వేలమంది ఇంజనీర్లతో చేసే పనికి ఇది ఎంతమాత్రం?

2006 నాటి వివాదం

రియాక్ట్‌ఓఎస్ చరిత్రలో అన్నిటికన్న పెద్ద ఆపద బయటినుండి కాక లోపలినుండి వచ్చింది. 2006 జనవరిలో, ప్రాజెక్టులోని ఒక అభివృద్ధికారుడే, కోడులో కొంత భాగం విండోస్‌ను విడగొట్టి చూచి వ్రాసినట్లున్నదని ఆరోపించాడు. యంత్రభాషలో ఉన్న ప్రోగ్రామును వెనుకకు మార్చి, మనుష్యులు చదువగల రూపంలోకి తెచ్చుకోవడాన్ని డిస్అసెంబ్లీ అంటారు. అట్లా చదివినది చదివినట్లు వ్రాస్తే అది అనుకరణ కాదు, నకలు. నకలు కాపీరైటు చట్టానికి విరుద్ధం.

కోడును కొంతకాలం ప్రజలకు అందకుండా మూసివేశారు. ప్రతి ఫైలును పరిశీలించాలని నిర్ణయించారు. అనుమానం ఉన్న భాగాలను తొలగించి తిరిగి వ్రాయాలని, ఒకరు పరిశీలించి పనితీరును వర్ణించగా ఆ వర్ణన మాత్రమే చదివిన మరొకరు కోడు వ్రాయాలని నియమం పెట్టుకున్నారు. దీనిని క్లీన్ రూమ్ పద్ధతి అంటారు. 2004 ఫిబ్రవరిలో విండోస్ ఎన్‌టీ 4, విండోస్ 2000ల మూలకోడులో కొంత భాగం దొంగతనంగా అంతర్జాలంలోకి వచ్చి ఉండుటచే, దానిని చూచినవారు ఈ పనిలో పాల్గొనరాదన్న కట్టుబాటు కూడ అవసరమైనది. ఈ తనిఖీలో ఏళ్ళకు ఏళ్ళు గడచిపోయాయి. ఎందరో కార్యకర్తలు విసిగి వెళ్ళిపోయారు. అయినను ఈ ప్రాజెక్టుకు నిలువదగిన గౌరవం ఆ కష్టం వలననే వచ్చినదని చెప్పవచ్చును.

2019లో మైక్రోసాఫ్ట్ కెర్నెల్ ఇంజనీరు ఒకరు, లోపలి పేర్లు ఇంతగా కలియడం కాకతాళీయం కాజాలదని మరల ఆక్షేపించారు. ఆ పేర్లు మైక్రోసాఫ్ట్ తానే బహిరంగంగా ఇచ్చే డీబగ్ సమాచారంలో ఉన్నవేనని ప్రాజెక్టు వారి సమాధానం. మైక్రోసాఫ్ట్ ఇంతవరకు రియాక్ట్‌ఓఎస్ మీద దావా వేయలేదు.

భారతదేశ చట్టం ఈ విషయంలో ఏమంటున్నదో విద్యార్థులు తెలుసుకొనదగినది. 1957 నాటి కాపీరైటు చట్టానికి 1999లో చేసిన సవరణ ద్వారా 52వ సెక్షనులో కొత్త ఉపవాక్యాలు చేరాయి. వాటి ప్రకారం, ఒక ప్రోగ్రామును న్యాయంగా కలిగియున్న వ్యక్తి, స్వతంత్రంగా తయారైన వేరొక ప్రోగ్రాము దానితో కలిసి పనిచేయడానికి కావలసిన సమాచారం వేరొకచోట సులభంగా లభించనప్పుడు, దానిని రాబట్టడానికి అవసరమైన పని చేయడం ఉల్లంఘన కాదు. ప్రోగ్రాము పనితీరును గమనించి, అధ్యయనం చేసి దానిలోని సూత్రాలను గ్రహించడం కూడ దోషం కాదు. అమెరికాలో జావా ఏపీఐల విషయమై ఒరాకిల్, గూగుల్ సంస్థల మధ్య పదేళ్ళకు పైగా సాగిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్ 5న, గూగుల్ చేసినది న్యాయమైన వినియోగమేనని 6–2 ఆధిక్యంతో తీర్పు చెప్పింది.

నిర్మాణం

రియాక్ట్‌ఓఎస్ విండోస్ సర్వర్ 2003ను, అనగా ఎన్‌టీ 5.2ను ప్రమాణంగా తీసుకున్నది. ఫ్రీలోడర్ అనే చిన్న ప్రోగ్రాము వ్యవస్థను మొదలుపెడుతుంది. దానిపైన కెర్నెల్, యంత్ర భేదాలను కప్పిపుచ్చే హాల్ అనే పొర, తెరమీది కిటికీలను నడిపే విన్32కె భాగం విండోస్‌లో ఉన్న పేర్లతోనే ఉంటాయి. స్టార్ట్ మెనూ, టాస్క్‌బార్, కంట్రోల్ ప్యానెల్ కూడ 2000 ప్రాంతపు విండోస్‌ను తలపిస్తాయి. అక్షరాలు గీయడానికి ఫ్రీటైప్ లైబ్రరీని వాడుకున్నారు. ఫ్యాట్ ఫైలు వ్యవస్థ మీద మొదటినుండి పనిచేస్తున్నది. 2018లో వచ్చిన 0.4.10 కూర్పు నుండి బీటీఆర్ఎఫ్ఎస్ అనే ఫైలు వ్యవస్థ నుండి కూడ మొదలు కాగలదు. విండోస్‌కు ముఖ్యమైన ఎన్‌టీఎఫ్ఎస్ డిస్కులను చదువగలదు. పాత డాస్ ప్రోగ్రాముల కొరకు ఎన్‌టీవీడీఎం అనే భాగం ఉన్నది. మొత్తం వ్యవస్థ ఒక సీడీలో ఇమిడిపోతుంది. కొద్ది వందల మెగాబైట్ల మెమరీ దీనికి చాలును.

పై పొరలలోని లైబ్రరీలలో అధికభాగం వైన్ అనే మరొక ప్రాజెక్టు నుండి తీసుకున్నవి. కనుక వైన్ గురించి కొంత చెప్పవలసి ఉన్నది.

ఇటువంటి ఇతర ప్రయత్నాలు

వైన్ ఆపరేటింగ్ సిస్టమ్ కాదు. లినక్స్ వంటి వ్యవస్థ మీద విండోస్ ప్రోగ్రామును నడిపించే మధ్యవర్తి. 1993లో మొదలైనది, 1994 నుండి అలెగ్జాండర్ జూలియార్డ్ దీనికి నాయకుడు. 1.0 కూర్పు రావడానికి 2008 జూన్ వరకు, అనగా పదిహేనేళ్ళు పట్టినది. డ్రైవర్ల బాధను లినక్స్‌కు వదలివేసి ప్రోగ్రాముల బాధ మాత్రమే తలకెత్తుకొనుటచే వైన్ ముందుకు పోయినది. 2018లో వాల్వ్ కంపెనీ దీని ఆధారంగా ప్రోటాన్ అనే సాధనాన్ని విడుదల చేసిన తరువాత విండోస్ ఆటలు వేల సంఖ్యలో లినక్స్ మీద నడుస్తున్నాయి. రియాక్ట్‌ఓఎస్ మాత్రం డ్రైవర్లను కూడ నడపాలన్న పట్టుదలతో ఉన్నది. బరువు అక్కడ పెరిగినది.

డాస్ విషయంలో ఇదే పని సులభంగా నెరవేరింది. మైక్రోసాఫ్ట్ డాస్‌ను విరమించబోతున్నదని తెలిసి, 1994 జూన్ 29న జిమ్ హాల్ అనే అమెరికా విద్యార్థి స్వేచ్ఛా డాస్‌ను ప్రతిపాదించాడు. అదే ఫ్రీడాస్. 2006 సెప్టెంబరులో 1.0 కూర్పు వచ్చినది. మన దేశంలో విండోస్ లేకుండా చవకగా అమ్మిన లాప్‌టాప్‌లు అనేకం ఫ్రీడాస్‌తో వచ్చినవే గాని, కొన్నవారు దానిని తెరచి చూచుట అరుదు.

2001లో లిండోస్ అనే కంపెనీ, విండోస్ ప్రోగ్రాములను నడిపే లినక్స్‌ను అమ్మజూపింది. పేరు విండోస్‌ను పోలి ఉన్నదని మైక్రోసాఫ్ట్ దావా వేసింది. కిటికీలు అనే సాధారణ పదం మీద ఒకరికి హక్కు ఎట్లా ఉంటుందన్న ప్రశ్న అమెరికా న్యాయస్థానంలో గట్టిగా వచ్చేసరికి, 2004లో మైక్రోసాఫ్ట్ తానే రెండు కోట్ల డాలర్లు చెల్లించి రాజీ చేసుకున్నది. లిండోస్ పేరు లిన్‌స్పైర్‌గా మారినది. ప్రోగ్రాముల అనుకూలతను మాత్రం ఆ కంపెనీ అప్పటికే చాలావరకు ప్రక్కన పెట్టినది.

ఆండ్రూ ట్రిడ్జెల్ 1992లో ఆస్ట్రేలియాలో మొదలుపెట్టిన సాంబా, విండోస్ కంప్యూటర్ల మధ్య ఫైళ్ళు పంచుకొనే పద్ధతిని తీగమీద పోయే సందేశాలను గమనించి నేర్చుకున్నది. 2004లో ఐరోపా సంఘం మైక్రోసాఫ్ట్‌కు 49.7 కోట్ల యూరోల జరిమానా విధించి, ఇతరులకు అవసరమైన సమాచారం ఇవ్వాలని ఆజ్ఞాపించింది. ఫలితంగా 2007 డిసెంబరులో పదివేల యూరోల రుసుముతో ఆ పత్రాలు సాంబా బృందానికి అందాయి. పదిహేనేళ్ళు ఊహించి నేర్చినదంతా అప్పుడు కాగితం మీద చూడగలిగారు.

తెలుగు పత్రాలు, విండోస్ బంధం

అనుకూలత అనే ప్రశ్న తెలుగువారికి ఆటల కోసమో, ఆఫీసు ప్రోగ్రాముల కోసమో మాత్రమే వచ్చేది కాదు. 1990లనుండి తెలుగులో అచ్చయిన వాటిలో అధికభాగం విండోస్ మీద, పేజ్‌మేకర్ వంటి ప్రోగ్రాములలో, అను ఫాంట్ల వంటి యూనికోడేతర ఫాంట్లతో కూర్చబడినది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వంటి ఊళ్ళలోని డీటీపీ కేంద్రాలలో పెండ్లి పత్రికలు, కరపత్రాలు, ప్రశ్నపత్రాలు, స్థలపురాణాలు, కవుల సొంత ఖర్చు పుస్తకాలు ఇట్లా తయారైనవే. అను స్క్రిప్ట్ మేనేజర్‌లోని ఆపిల్ కీబోర్డు అమరిక నేర్చుకొని జీవనోపాధి పొందినవారు అనేకులు.

ఈ ఫాంట్లలో తెలుగు అక్షరానికి సొంత సంఖ్య లేదు. ఆంగ్ల అక్షరాల సంఖ్యల స్థానంలో తెలుగు అక్షరాల ముక్కలు, అనగా తలకట్లు, కొమ్ములు, వత్తులు పెట్టి ఉంటాయి. ఫాంటు ఉంటే తెలుగు. లేకుంటే అర్థంలేని ఆంగ్లాక్షరాల గుంపు. పేజ్‌మేకర్ చివరి కూర్పు 7.0, 2001లో వచ్చినది. అడోబీ 2004లో దాని అభివృద్ధిని విరమించింది. 64 బిట్ల విండోస్ పాత 16 బిట్ల ప్రోగ్రాములను అసలే నడపదు. 2021లో వచ్చిన విండోస్ 11కు 32 బిట్ల కూర్పే లేదు. విండోస్ ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8న, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న ముగిశాయి. పత్రం చెడలేదు, డిస్కు చెడలేదు. తెరిచే ప్రోగ్రాము నిలిచే చోటు మాత్రం సన్నగిల్లుతున్నది.

కర్ణాటక సరిహద్దున ఉన్న అగళి, రొళ్ళ, మడకశిర మండలాలలో ఈ చిక్కు రెండింతలు. శ్రీ సత్యసాయి జిల్లాలోని ఈ ప్రాంతంలో తెలుగుతోపాటు కన్నడం ఇంటి భాషగా, వ్యవహార భాషగా ఉన్నది. కన్నడానికి వాడుకైన నుడి, బరహ అనేవి కూడ విండోస్ కొరకే తయారైనవి. వాటి పాత ఫైళ్ళు కూడ ఫాంటును నమ్ముకున్నవే. ఒకే కరపత్రంలో రెండు భాషలు కూర్చితే, ఏ వాక్యం ఏ ఫాంటుదో తెలియకుండా దానిని మరల చదవడం సాధ్యం కాదు.

ఇక్కడ ఒక విచిత్రం గమనింపదగినది. రియాక్ట్‌ఓఎస్ వంటి వ్యవస్థకు కొత్త తెలుగు కన్న పాత తెలుగే సులభం. యూనికోడ్ తెలుగులో క, విరామం, ష అని మూడు సంఖ్యలుగా ఉన్నదానిని క్ష అనే ఒక ఆకృతిగా కూర్చి చూపాలి. విండోస్‌లో యూనిస్క్రైబ్ అనే భాగం ఆ పని చేస్తుంది. వైన్ బృందం దానికి బదులు భాగాన్ని, తెలుగుకు కావలసిన నియమాలతో సహా, సొంతంగా వ్రాసింది. రియాక్ట్‌ఓఎస్ దానినే తీసుకున్నది. పాత ఫాంట్లకు ఈ శ్రమ లేదు. ఏ సంఖ్యకు ఏ ముక్కో గీస్తే చాలును. కష్టమల్లా కీబోర్డు దగ్గర: ఒక ప్రోగ్రాము వెనుక ఉండి, వేరొక ప్రోగ్రాముకు పోవలసిన మీటలను దారిలో పట్టుకొని మార్చి పంపుతుంది. ఇట్లా రెండు ప్రోగ్రాముల నడుమ జరిగే వ్యవహారంలోనే వ్రాయబడని అలవాట్లు బయటపడతాయి.

ఈ సమస్యకు తెలుగువారు వేరొక దారిలో కూడ పరిష్కారం వెదికారు. ప్రోగ్రామును బ్రతికించడానికి బదులు పాఠాన్ని మార్చుకొనడం ఆ దారి. 2000 దశకంలో ఈనాడు మొదలైన పత్రికల వెబ్‌సైట్లు సొంత ఫాంట్లతో ఉండగా, తెలుగు వికీపీడియాకు ఆద్యుడైన వెన్న నాగార్జున వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపే పద్మ అనే పొడగింతను ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు కొరకు తయారుచేశారు. దీని వలన లినక్స్ వాడేవారు కూడ తెలుగు పత్రికలు చదువగలిగారు. తరువాత పత్రికలు యూనికోడ్‌కు మారాయి. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 పాత పద్ధతి పొడగింతలనన్నిటినీ నిలిపివేసింది. అనుకూలత కొరకు పుట్టిన సాధనానికే అనుకూలత కరవైనది. అను ఫాంట్ల పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే పరికరాలు తరువాత పలువురు తయారుచేశారు గాని, పొల్లులు, అరుదైన వత్తులు తప్పిపోవడం సాధారణం. మూలంతో సరిపోల్చి దిద్దుకొనక తప్పదు. సరిపోల్చడానికి మూలం అసలు రూపంలో ఒకసారైనా తెరుచుకోవాలి.

విండోస్‌ను అనుకరించకుండా దాని నుండి బయటపడదలచినవారి ప్రయత్నాలు కూడ ఉన్నాయి. హైదరాబాదులో 2005లో ఏర్పడిన స్వేచ్ఛ సంస్థ గ్నూ/లినక్స్‌ను తెలుగులోకి తెచ్చింది. సీడాక్ 2007లో విడుదల చేసిన బాస్ లినక్స్ తెలుగుతో సహా భారతీయ భాషలలో పనిచేస్తుంది. 2023లో రక్షణ మంత్రిత్వశాఖ తన కంప్యూటర్లలో విండోస్‌కు బదులు, ఉబుంటు ఆధారంగా తయారైన మాయా ఓఎస్‌ను పెట్టడానికి పూనుకున్నది. ఉద్యోగులకు కొత్తదనం తోచకుండా అది చూపుకు విండోస్‌ను పోలినట్లే రూపొందింది. రూపం పోలినంత మాత్రాన పాత పేజ్‌మేకర్ ఫైలు అందులో తెరుచుకోదు.

వాడదలచినవారికి

రియాక్ట్‌ఓఎస్‌ను ముఖ్యమైన పత్రాలున్న కంప్యూటరులో స్థాపించడం మంచిది కాదు. వర్చువల్‌బాక్స్ వంటి కల్పిత యంత్రంలో పెట్టి చూడవలెనని ప్రాజెక్టు వారే సలహా ఇస్తున్నారు. కొత్త లాప్‌టాప్‌లలోని వైఫై, శబ్దం, యూఎస్‌బీ పరికరాలు పనిచేయకపోవచ్చును. విద్యార్థులకు మాత్రం ఇది అరుదైన పాఠ్యవస్తువు. విండోస్ లోపల ఏమి జరుగుతున్నదో పుస్తకాలు వర్ణించగలవు. అటువంటిదానిని నడుస్తున్న కోడుగా విప్పి చూపేది ఇది. మూలకోడు 2017 నుండి గిట్‌హబ్‌లో ఉన్నది. ఎవరైనా దిద్దుబాట్లు పంపవచ్చును. విండోస్ మూలకోడును, 2020లో బయటికి పొక్కిన ఎక్స్‌పీ కోడుతో సహా, చూచినవారికి ఆ అవకాశం లేదు.

ఇవి కూడా చూడండి: వైన్, ఫ్రీడాస్, గ్నూ/లినక్స్, స్వేచ్ఛ, యూనికోడ్, పోతన ఫాంటు